పువ్వు ఇచ్చే కూలి

మా మిద్దె తోట వాట్సాప్ గ్రూపులో వానలు మొదలయ్యాక రెండ్రోజులకోసారైనా ఒక ఫొటో వస్తుంది. చిటికెన వేలంత పిందె, కొసన వాడిపోయిన పువ్వు, పిందె సగానికి పైగా పసుపు. కింద ప్రశ్న: "ఫ్రెండ్స్, పిందెలు రాలిపోతున్నాయి, ఏం వేయాలి?" జవాబులు కూడా మారవు. అరటి తొక్కల నీళ్ళు, పులిసిన మజ్జిగ, జీవామృతం, బోరాన్, ఎప్సమ్ సాల్ట్. ఒకాయన మాత్రం ప్రతిసారీ "దిష్టి తీయండి మేడమ్" అని పెడతాడు.

ఆ "ఏం వేయాలి" దగ్గరే నాకు పేచీ. గుమ్మడి, సొర, బీర, కాకర తీగలకి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద పిందె ముందే ఉంటుంది కాబట్టి కాయ వచ్చేసిందని మురిసిపోతాం. మగపువ్వు పుప్పొడి దాని మీద పడకపోతే ఆ పిందె నాలుగు రోజుల్లో పండుబారి రాలాల్సిందే. అన్ని పిందెలూ దీనివల్లే రాలతాయని అనను, పండు ఈగ కుట్టినా రాలతాయి, నీళ్ళు తప్పినా రాలతాయి. కానీ డాబా మీద రాలే పిందెల్లో చాలావాటికి తిండి లోపం ఉండదు. పుప్పొడి మోసేవాళ్ళు రాలేదు, అంతే. మోసేవాళ్ళు ఊరికే రారు. వాళ్ళకి పువ్వు ఇచ్చే కూలి పేరు మకరందం. కుండీలో ఏం వేయాలో వంద వీడియోలు చూసి నేర్చుకున్నాం గానీ ఈ కూలి లెక్క మాత్రం మనలో ఎవరూ చూడటం లేదు.

నాకూ ఈ తెలివి పుస్తకాలు చదివి రాలేదు. రెండేళ్ళ కిందట మా గుమ్మడి తీగ పిట్టగోడ దాటి పక్కింటి వాళ్ళ సన్‌షేడ్ మీదికి పాకింది. పూత విరగబూసింది. ఒక్క కాయ నిలబడలేదు. పైన రాసిన మజ్జిగలూ తొక్కలూ అన్నీ పోశాను. అప్పుడే అమ్మ నంద్యాల నుంచి వచ్చింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా మీదికెక్కి, పూల వైపు కాసేపు చూసి, "ఈగ లేదు, దోమ లేదు. కాయ ఎట్లొస్తుందమ్మా?" అంది. ఒక మగపువ్వు తెంపి, రేకులు వలిచేసి, మధ్యలో మిగిలిన పసుప్పచ్చ వత్తిని ఆడపువ్వు గుండెలో బొట్టు పెట్టినట్టు అద్దింది. గ్లాసులో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఆ కాయ నాలుగు కిలోలు తూగింది.

అంతటితో నా సమస్య తీరిపోవాలి. తీరలేదు. ఎందుకంటే మర్నాటి నుంచి ఆ పని రోజూ నేనే చేయాల్సి వచ్చింది. ఆఫీసు క్యాబ్ ఏడుంపావుకి వస్తుంది, గుమ్మడి పువ్వు పదింటికల్లా ముడుచుకుపోతుంది. తేనెటీగ ఉచితంగా చేసే పనికి నేను అలారం పెట్టుకుని లేవాలా అని చిరాకు పుట్టింది. ఆ చిరాకులోనే ఒక ఆదివారం ఆరున్నరకి మగపువ్వొకటి తెంపి బ్లేడుతో నిలువునా చీల్చాను.

మధ్యలో మైనపు వత్తిలా కేసరాల దిమ్మ, దాని నిండా పుప్పొడి. దిమ్మ మొదలు అడుక్కి పూర్తిగా అతుక్కుని ఉండదు. మూడు కాళ్ళ పీటలాగా కింద సన్నటి సందులుంటాయి. సందుల వెనక చిన్న పళ్ళెం, పళ్ళెం నిండా తడి. అగ్గిపుల్ల మొనతో తీసి నాలిక మీద రాసుకున్నాను. పలచటి పాకం, చివర్లో పచ్చివాసన. ఆ తడి అందాలంటే తేనెటీగ దిమ్మని కావలించుకుని, తల కిందికి పెట్టి, నాలిక సందులోకి దూర్చాలి. బయటికొచ్చేసరికి వీపంతా పసుపు. ఆడపువ్వులో ఈ తంటా లేదు, తడి చుట్టూ గాడిలో తెరిచే ఉంటుంది, దాని చుట్టూ తిరుగుతున్నప్పుడు వీపు మీది పుప్పొడి కీలాగ్రానికి, అంటే ఆడపువ్వులో పుప్పొడి అందుకునే కొసకి, అంటుకుంటుంది. కూలి డబ్బులు ఎక్కడ పెడితే మనిషి ఏ దారిన నడుస్తాడో తెలిసిన మేస్త్రీ ఎవరో కట్టినట్టు ఉంటుంది ఆ గది.

ఇంకో పని కూడా చేశాను, మీరూ చేసి చూడొచ్చు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గని ముందురోజు సాయంత్రం కోసి, ఆ పళ్ళెం ఉన్న చోట టించర్ అయోడిన్ చుక్క వేశాను. నల్లబడింది. అంటే అక్కడ పిండి ఉంది. చాలా మొక్కలు పువ్వు విచ్చుకోకముందే మకరంద గ్రంథిలో, అంటే మకరందం ఊరే చోట, పిండిని దాచిపెడతాయి, విచ్చుకునే వేళకి దాన్ని చక్కెరగా మారుస్తాయి. పండక్కి అరిసెలు చేయాలంటే ముందురోజే బియ్యం నానబోసి పెట్టుకోమా, అలాగ. గుమ్మడి పువ్వు బతికేదే ఒక్క పూట. ఆ పూటలో ఆకుల నుంచి చక్కెర వచ్చేదాకా ఎదురుచూస్తే పువ్వు ముడుచుకుపోతుంది.

ఆ చక్కెర బయటికి ఎలా వస్తుందన్నది నాకు ఇంకా నచ్చిన సంగతి. మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి సగం తెలిసిందే. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట వస్తుంది. ముక్కని ఎవరూ పిండలేదు, బయట ఉప్పు ఎక్కువైంది కాబట్టి లోపలి నీళ్ళు బయటికొచ్చాయి. పువ్వు కూడా ఇదే చేస్తుంది, ఉప్పు బదులు చక్కెరతో. ఆకుల్లో తయారైన సుక్రోజ్, అంటే మామూలు చక్కెరే, పోషక కణజాలం గుండా గ్రంథి దాకా వస్తుంది. గ్రంథి కణాల పైపొరల్లో స్వీట్9 అనే ప్రొటీన్ ఉంది, అది సుక్రోజ్‌కి వాకిలి. బయటికొచ్చిన సుక్రోజ్‌ని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండు ముక్కలు చేస్తుంది. ఒక అణువు రెండయింది, లాగే బలం పెరిగింది, వెనకాలే నీళ్ళు వచ్చాయి. అదే ఊట. ఈ వాకిలి సంగతి 2014లో బయటపడింది. ఆవ కుటుంబపు మొక్కల్లో స్వీట్9ని పనిచేయకుండా చేసి చూస్తే పూలు మామూలుగానే పూశాయి, మకరందం మాత్రం ఊరలేదు. చక్కెర బయటికి పోలేక పూకాడలోనే పిండిగా పేరుకుపోయింది.

ఇక్కడ మన భాష మనల్ని కొంచెం తప్పుదారి పట్టించిందని నా అనుమానం. పువ్వులో ఉన్నదాన్నీ తేనె అంటాం, సీసాలో ఉన్నదాన్నీ తేనె అంటాం. చిన్నప్పుడు నూరువరహాల పువ్వు తెంపి, సన్నటి దారంలాంటి కీలాన్ని వెనక నుంచి లాగి, కొసన ఆగిన చుక్కని చప్పరించి "తేనె" అనుకున్నవాళ్ళమే అందరం. పువ్వులో ఉండేది చాలావరకు నీళ్ళు. అందులో నాలుగో వంతో, సగమో చక్కెర. దాన్ని తేనెటీగ కడుపులో మోసుకెళ్ళి, తన ఎంజైములు కలిపి, రెక్కలతో విసిరి విసిరి నీటిని 20 శాతం కంటే కిందికి దించితే అది తేనె. మకరందం, పూదేనె అనే మాటలు మనకున్నాయి గానీ పద్యాల్లోనే వదిలేశాం. మందారాన్నీ మకరందాన్నీ పక్కపక్కన పెట్టిన పద్యం బడిలో అప్పజెప్పని తెలుగువాడు అరుదు. ఆ పద్యంలో మందారం దేవలోకపు చెట్టు, మన పెరటి మందారం వేరు. పెరటి మందారానికి ముఖ్య అతిథి తేనెపిట్ట. అది కూడా ముందు వాకిలి నుంచి రాదు, పువ్వు మొదట్లో పక్క నుంచి ముక్కు గుచ్చి తాగిపోతుంది. పుప్పొడిని తాకదు. కూలి తీసుకుని పని ఎగ్గొట్టే బాపతన్నమాట.

మకరందాన్ని ప్రకృతి దయ, అమ్మ ప్రేమ అని రాసేవాళ్ళతో నాకు పడనిది ఇందుకే. దయ అయితే కొలత ఉండకూడదు. ఇక్కడ పైసా పైసా కొలతే. పిట్టల కోసం పూసేవి పలచగా, 20 నుంచి 25 శాతం చక్కెరతో ఎక్కువ నీళ్ళిస్తాయి. తేనెటీగల కోసం పూసేవి చిక్కగా, తక్కువగా ఇస్తాయి. గుమ్మడి పువ్వు ముడుచుకునేటప్పుడు ఎవరూ తాగని మకరందాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. బొప్పాయి సంగతి మరీ అన్యాయం. మగ చెట్టు పూలలో మకరందం ఉంటుంది, ఆడ చెట్టు పూలలో ఉండదు. రాత్రిపూట వచ్చే రెక్కల పురుగు ఇదీ మగపువ్వేననుకుని పొరపాటున దూరి, ఉత్త చేతులతో పోతుంది. పోతూ పోతూ పుప్పొడి అంటించి పోతుంది. బొప్పాయికి కావాల్సింది ఆ పొరపాటే.

కాఫీ, నిమ్మ జాతుల పూలు ఇంకో ఎత్తు వేశాయి. వాటి మకరందంలో రవ్వంత కెఫీన్ ఉంటుంది, చేదు తెలియనంత. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, కెఫీన్ కలిపిన చక్కెర నీళ్ళు తాగిన తేనెటీగలు ఆ వాసనని మర్నాటికి కూడా గుర్తుపెట్టుకున్నాయి. మామూలు చక్కెర నీళ్ళు తాగినవాటితో పోలిస్తే మూడు రెట్లు. అరకులో కాఫీ తోట పూతకొచ్చిన రోజున తేనెటీగ మళ్ళీ మళ్ళీ అదే తోటకి ఎందుకొస్తుందో, మా ఆఫీసులో పదకొండింటికి అందరం ప్యాంట్రీకి ఎందుకు పోతామో, రెండింటికీ జవాబు ఒకటే కావచ్చు.

ఈ కూలి మాట నా సొంతం కాదు, 1793లోనే బెర్లిన్ పక్కన స్పాండౌలో ఒక బడి హెడ్‌మాస్టర్ చెప్పాడు. క్రిస్టియన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్. అప్పటిదాకా మకరందం పిందెని తడిగా ఉంచడానికని, ఈగలు దాన్ని దొంగిలిస్తున్నాయని నమ్మేవారు. ఈయన పూల ముందు గంటలు గంటలు కూర్చుని చూసి, మకరందం ఈగల కోసమేనని, రేకుల మీది గీతలు, చుక్కలు వాటికి దారి చూపే గుర్తులని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపేశారు. మన దగ్గర విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సి. సుబ్బారెడ్డి గారు, తర్వాత ఎ.జె. సోలమన్ రాజు గారు దశాబ్దాల పాటు తూర్పు కనుమల చెట్ల కింద ఇదే పని చేశారు. ఏ పువ్వు ఎన్నింటికి విచ్చుకుంటుంది, ఎన్ని మైక్రోలీటర్లు ఊరుతుంది, ఎవరెవరు వస్తారు. ఇలాంటి లెక్కలు రాసేవాళ్ళ పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండవో నాకు అర్థం కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. నేతిబీర పెట్టిన ఏడాది మొగ్గల చుట్టూ చీమలు బారులు తీరాయి. చీమలంటే తెగులనుకున్నాను. తెగుళ్ళ మందుల షాపులో అడిగితే ఒక చిన్న ప్యాకెట్ ఇచ్చి, మొదట్లో పోయమన్నారు. పోశాను. చీమలు పోయాయి. వారం తిరిగేసరికి ఆకులు తినే పురుగు వచ్చింది, మందు పోసిన తీగకే. తర్వాత తెలిసింది నేతిబీర కూలి రెండు చోట్ల ఇస్తుందని. పువ్వు లోపల ఈగలకి, పువ్వు బయట మొగ్గల కింది చిట్టి ఆకుల మీద, రక్షక పత్రాల మీద చీమలకి. చీమలు వాచ్‌మెన్లు. చక్కెర చుక్క కోసం కాపలా తిరుగుతూ గుడ్లనీ చిన్న పురుగులనీ ఎత్తుకుపోతాయి. ఒకసారి చూడటం తెలిస్తే ఈ బయటి గ్రంథులు అన్నిచోట్లా కనిపిస్తాయి. ఆముదం ఆకు కాడ మీద, అలసంద పూకాడ మీద పువ్వుకీ పువ్వుకీ మధ్య, పత్తి ఆకు వెనక నడిమి ఈనె మీద. చీమ కనబడగానే ముందు కొమ్మ తిప్పి చూడండి. పేనుబంక ఉంటే చీమ దాని వెనక వచ్చినట్టు, అది వేరే కథ. ఏమీ లేకపోతే జీతం తీసుకోవడానికి వచ్చినట్టు.

అమెరికాలో ఈ జీతం ఆపేసి చూశారు కూడా. హవాయి అడవి పత్తికి ఈ గ్రంథులుండవు. ఆ లక్షణాన్ని సాగు పత్తిలోకి తెచ్చి మకరందం లేని రకాలు తయారుచేశారు, రసం పీల్చే నల్లులకి తిండి దొరకకూడదని. నల్లులు తగ్గిన మాట నిజమే. వాటిని తినే మిత్రపురుగులు కూడా తగ్గాయి.

చీమల కోసం నేను పోసిన ఆ ప్యాకెట్‌లో ఉన్నది ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు. దీన్ని వేళ్ళు పీల్చుకుంటాయి, మొక్క ఒంటి నిండా పాకుతుంది, రసం పీల్చినవాడు చస్తాడు. అంతవరకు ప్యాకెట్ మీదే రాసి ఉంది. మకరందం కూడా ఆ ఒంట్లోంచే ఊరేదని ప్యాకెట్ మీద లేదు. మొదట్లో మనం పోసింది పువ్వు లోపలి పళ్ళెంలోకి వస్తుంది. కొద్దిగానే రావచ్చు. కానీ తేనెటీగ ఎంత, దాని మోతాదు ఎంత? ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో పాటు ఇంకో రెండు మందుల్ని ఆరుబయట వాడకూడదని నిషేధించింది. మన దగ్గర కిలో కాకరకాయల కోసం కూడా పోస్తున్నాం, నేను పోసినట్టే. వేప నూనె సేఫ్ కదా అంటారు. కావచ్చు, సాయంత్రం కొడితే. పొద్దున ఏడింటికి, పువ్వు విచ్చుకుని ఉన్న వేళ కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

గ్రూపులో ఈ సంగతులు రాస్తే వచ్చే జవాబు ఒకటే: "బ్రష్‌తో చేసేస్తే పోలా?" పోతుంది, నాలుగు కుండీల వరకు. మా మేనమామ పొద్దుతిరుగుడు వేసిన రోజులు అమ్మకి బాగా గుర్తు. ఈగలు చాలని ఏడాది పొద్దున పూట కూలోళ్ళని పెట్టి, మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకుని ఒక్కో పువ్వు ముఖం తుడిపించేవాళ్ళట. ఒక పువ్వు మీది పుప్పొడి ఇంకో పువ్వుకి అంటాలని. రోజు విడిచి రోజు. తుడవని గింజ తాలుపోతుంది. మొక్క చక్కెర చుక్కలతో కట్టే కూలిని మామయ్య నోట్లతో కట్టాడు. బ్రష్ సలహా ఇచ్చేవాళ్ళు ఈ లెక్కని పొలానికి పెంచి చూడాలి.

ఇంకొందరు తేనెటీగల పెట్టె కొని డాబా మీద పెట్టమంటారు. దీనికి నేను ఒప్పుకోను. కూలి డబ్బులు లేని ఊళ్ళోకి లారీడు కూలీలని దించితే ఏమవుతుంది? ఉన్న నాలుగు చుక్కల కోసం పెట్టె ఈగలు, చెట్టు మీది జుంటీగలు, గోడ కన్నాల్లో ఒంటరిగా బతికే చిన్న ఈగలు కొట్టుకోవాలి. కావాల్సింది ముందు పూలు. పూలంటే నర్సరీలో ముందు వరుసలో పెట్టేవి కాదు. ముద్ద మందారంలో కేసరాలే రేకులైపోయి ఉంటాయి, మోయడానికి పుప్పొడే మిగలదు. ముద్ద బంతిలో మకరందం ఇచ్చే నడిమి చిట్టిపూలు వెతికినా కనిపించవు. ఎంత ముద్దగా ఉంటే అంత రేటు మనకి, అంత పస్తు ఈగకి. మా కాలనీ పార్కులో రంగులకి లోటు లేదు. ఒక గంట కూర్చున్నాను, నాలుగు ఈగలొచ్చాయి. నాలుగూ గేటు బయట పాత కానుగ చెట్టుకే పోయాయి.

డాబా మీద ఏం పెట్టాలని అడిగితే నేను చెప్పేది చవకైన పని. తులసి వెన్నులు తుంచేయకండి, కొన్నాళ్ళు పూయనివ్వండి. కొత్తిమీర కట్టలు కట్టలు కోసేయకుండా ఒక కుండీ పూతకి వదలండి. పోపుల డబ్బాలోంచి గుప్పెడు ఆవాలు, నువ్వులు చల్లండి. సందు చివర వేపనో, కానుగనో, కుంకుడో కొట్టేస్తుంటే మాత్రం గొడవపడండి. ఒక్క చెట్టు పూత మీద బతికేవాళ్ళ సంఖ్య మన అపార్ట్‌మెంట్ మెంబర్ల కంటే ఎక్కువ.

తంగేడు సంగతి కూడా చెప్పి తీరాలి, లేకపోతే ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు మకరందం ఇవ్వదు. టమాటా, వంకాయ కూడా అంతే. అవి కూలి పుప్పొడి రూపంలోనే ఇస్తాయి, అదీ గొట్టాల్లో బిగించి. తుమ్మెద పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్ళంతా వణికిస్తేనే ఉప్పుడబ్బాలోంచి రాలినట్టు రాలుతుంది. తేనెటీగకి ఆ విద్య రాదు. అంటే పెట్టె కొన్నా మీ వంకాయలకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. తుమ్మెద గూడు పెట్టుకునేది ఎండు కర్రలో, వెదురులో. డాబా శుభ్రం చేసే పేరుతో మనం ముందు పారేసేవి అవే.

ఈ ఏడు గుమ్మడికి అలారం పెట్టడం లేదు. ఆవపూత మొదలైన పదో రోజుకి రెండు రకాల ఈగలొచ్చాయి, మూడు కాయలు నిలిచాయి. బీరే ఇంకా మొండికేస్తోంది. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం, ఆ వేళకి తేనెటీగలు సగం ఇంటిదారి పట్టి ఉంటాయి. మిగిలింది రెక్కల పురుగులు, వాటికేమో మా పిట్టగోడకి ఆరడుగుల దూరంలో వీధిలైటు. మొన్న పైన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ ఫోన్ చేసి, "చీకట్లో దోమలు కుట్టించుకుంటా ఏం చేస్తున్నావమ్మా?" అంది. బీరకి ఎవరొస్తారో చూస్తున్నానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఎవరన్నా వస్తే నాకూ చెప్పు" అంది. ఏడుంబావుకి బూడిద రంగుది ఒకటి వచ్చి, పువ్వు ముందు గాల్లో ఆగి, లైటు వైపు తిరిగిపోయింది.